కంప్యూటర్ నెట్‌వర్కులలో ప్యాకెట్ పరిమాణ సమస్యలు – నిర్ధారణ పద్ధతులు: వరంగల్ విద్యాప్రాంగణాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నెట్‌వర్కు పనిచేస్తున్నట్టే కనిపిస్తూ పెద్ద దస్త్రాలను, పొడవైన విన్నపాలను మాత్రమే అడ్డగించే లోపాలు విశ్వవిద్యాలయాలలో, కళాశాలలలో తరచుగా ఎదురవుతాయి. వీటిలో అధికభాగం ప్యాకెట్ పరిమాణానికి సంబంధించినవి. లోపం తీగలో గాని, వేగంలో గాని లేనందున సాధారణ పరీక్షలకు ఇవి దొరకవు. ఇటువంటి లోపం ఎలా పుడుతుంది, తెలుగు లిపిలో పనిచేసే పరిశోధకునికి ముందుగా ఎందుకు కనిపిస్తుంది, దానిని ఏ క్రమంలో నిర్ధారించాలి, ఏ పొరపాట్ల వలన నిర్ధారణ దారి తప్పుతుంది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్యాకెట్, ఎంటీయూ, మార్గ ఎంటీయూ అన్వేషణ, ఐసీఎంపీ, కృష్ణబిలం, ఎంఎస్ఎస్, టన్నెల్, యూటీఎఫ్-8.

1. ఉపోద్ఘాతం:

వరంగల్ నగరానికి విద్యాకేంద్రంగా దీర్ఘమైన చరిత్ర ఉంది. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. వీటి చుట్టూ హనుమకొండ, కాజీపేట ప్రాంతాలలో అనేక కళాశాలలు వెలిశాయి. 2010లో కేంద్రప్రభుత్వ ఆమోదం పొంది, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం చేపట్టిన జాతీయ జ్ఞాన నెట్‌వర్కు దేశంలోని ఉన్నత విద్యాసంస్థలను వేగవంతమైన తీగలతో కలిపింది. అయితే పరిశోధకుడు ఆ ప్రాంగణంలోనే కూర్చుని పనిచేయడు. ఇంటి ఫైబర్ కనెక్షన్ నుంచి, వసతిగృహం నుంచి, చరవాణి హాట్‌స్పాట్ నుంచి వీపీఎన్ ద్వారా ప్రాంగణంలోకి ప్రవేశిస్తాడు. ప్యాకెట్ పరిమాణ సమస్య నివసించేది ఈ అతుకుల దగ్గరే.

ఒక స్థితిని ఊహించవచ్చు. హనుమకొండలో నివసించే ఒక పరిశోధకుడు కాకతీయుల కాలంనాటి శాసనాలపై సిద్ధాంతగ్రంథం పూర్తిచేశాడు. సమర్పణకు గడువు ఒక్కరోజు ఉంది. ఇంటినుంచి వీపీఎన్ కలుస్తుంది. పింగ్‌కు జవాబు వస్తుంది. ప్రవేశపుట తెరుచుకుంటుంది. గ్రంథాలయ సూచికలో ఇంగ్లీషులో వెతికితే ఫలితాలు వస్తాయి. తెలుగులో వెతికితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. గ్రంథాన్ని ఎక్కించబోతే సున్నా శాతం దగ్గర ఆగిపోతుంది. సేవాదారుకు ఫోను చేస్తే వేగపరీక్ష చేయమంటారు; వేగం చక్కగా ఉంటుంది. ప్రాంగణ నిర్వాహకునికి చెబితే ఆయన తన గదిలోనుంచి ప్రయత్నించి “ఇక్కడ బాగానే ఉంది” అంటాడు. ముగ్గురూ చెప్పినది నిజమే. లోపమూ నిజమే.

ఈ స్థితిలో సాధారణంగా నింద లైనుపైన, సర్వరుపైన, లేదా తెలుగు లిపిపైన పడుతుంది. “తెలుగు ఫాంటు వలన సమస్య” అన్న మాట ప్రాంగణాలలో అరుదైనదేమీ కాదు. ఫాంటుకు ఇందులో ఏ పాత్రా లేదు. లిపికి మాత్రం ఒక పాత్ర ఉంది. దానిని మూడవ విభాగంలో చూడవచ్చు.

2. పరిమాణానికి హద్దు ఎందుకు?

నెట్‌వర్కులో ప్రతి లంకెకూ ఒకేసారి మోయగల గరిష్ఠ ప్యాకెట్ పరిమాణం ఉంటుంది. దీనినే ఎంటీయూ అంటారు. ఈథర్‌నెట్‌లో ఇది 1500 బైట్లు. సెకనుకు కోటి బిట్ల వేగంగల తొలి ఈథర్‌నెట్‌పై 1500 బైట్లు పంపడానికి 1.2 మిల్లీసెకన్లు పట్టేది. ఒకే తీగను అందరూ పంచుకునే రోజులలో ఒక యంత్రం అంతకంటే ఎక్కువసేపు తీగను ఆక్రమించడం ఇతరులకు ఇబ్బంది. నేటి గిగాబిట్ తీగపై అదే ప్యాకెట్‌కు 12 మైక్రోసెకన్లు చాలు. కారణం పోయింది, సంఖ్య మిగిలింది. సమాచార కేంద్రాల లోపల 9000 బైట్ల జంబో ఫ్రేములు వాడుతున్నా, బహిరంగ ఇంటర్నెట్ ఇప్పటికీ 1500 దగ్గరే నిలిచి ఉంది.

1981లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ ప్యాకెట్ మొత్తం పొడవుకు 16 బిట్లు కేటాయించింది. అంటే సిద్ధాంతరీత్యా 65,535 బైట్ల వరకు పోవచ్చు. మార్గంలో ఇరుకైన లంకె వస్తే రూటరు ప్యాకెట్‌ను ముక్కలు చేయాలి. గమ్యస్థానం వాటిని అతకాలి. ముక్కలు చేయవద్దని చెప్పడానికి హెడరులో ఒక విభజన నిషేధ బిట్ ఉంచారు. విభజన అనుకున్నంత మంచి ఉపాయం కాదని త్వరలోనే తేలింది. ఒక్క ముక్క పోయినా మొత్తం ప్యాకెట్ వృథా అవుతుంది. రెండవ ముక్క నుంచి పోర్టు సంఖ్యలు ఉండవు గనుక ఫైర్‌వాల్‌కు ఆ ముక్క ఎవరిదో తెలియదు. 1987లో కెంట్, మొగల్ విభజన హానికరమని వాదిస్తూ పత్రం ప్రకటించారు. 1990 నవంబరులో మొగల్, డీరింగ్ రూపొందించిన ఆర్‌ఎఫ్‌సీ 1191 మార్గ ఎంటీయూ అన్వేషణ పద్ధతిని ప్రతిపాదించింది. ఐపీ ఆరవ సంచికలో రూటర్లకు విభజించే అధికారమే లేదు. అక్కడ ప్రతి లంకె కనీసం 1280 బైట్లు మోయాలి.

అన్వేషణ పద్ధతి సరళమైనది. పంపే యంత్రం ప్రతి ప్యాకెట్‌పైనా విభజన నిషేధ బిట్ పెడుతుంది. ఇరుకైన లంకె దగ్గరి రూటరు ఆ ప్యాకెట్‌ను పారవేసి, “విభజన అవసరం, కాని నిషేధం ఉంది, ముందున్న లంకె ఇంత మాత్రమే మోస్తుంది” అని ఐసీఎంపీ సందేశాన్ని వెనక్కి పంపుతుంది. ఐపీ నాల్గవ సంచికలో ఇది మూడవ రకం, నాల్గవ సంకేతం గల సందేశం. పంపే యంత్రం పరిమాణం తగ్గించుకుంటుంది.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తిలోడుతో వచ్చే లారీతో దీనిని పోల్చవచ్చు. దారిలో రైలువంతెన కింద ఎత్తు తక్కువ. వంతెన ముందు నిలబడిన కాపలాదారు లారీని ఆపి, ఎంత ఎత్తు పడుతుందో చెప్పి వెనక్కి పంపితే డ్రైవరు లోడు తగ్గించుకుని వస్తాడు. కాపలాదారు నోరు కట్టివేస్తే, వచ్చిన ప్రతి లారీ అక్కడే మాయమవుతుంది. ఊరిలోని యజమాని మాత్రం అదే ఎత్తు లోడుతో లారీలు పంపుతూనే ఉంటాడు. స్కూటర్లు నిరాటంకంగా సాగిపోతుంటాయి గనుక దారి బాగానే ఉందని అందరూ నమ్ముతారు. సాంకేతిక పరిభాషలో దీనినే కృష్ణబిలం అంటారు. 2000 సంవత్సరంలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2923 ఈ స్థితిని వివరంగా నమోదు చేసింది.

కాపలాదారు నోరు కట్టేది ఎవరు? చాలాసార్లు భద్రత పేరుతో ఐసీఎంపీని సమూలంగా నిరోధించిన ఫైర్‌వాల్. పింగ్‌కు జవాబివ్వకపోవడమే భద్రత అన్న భావన కళాశాలల నెట్‌వర్కు గదులలో ఒక ఆచారంగా స్థిరపడింది. పింగ్‌ను నిరోధించడం ఒక విధాన నిర్ణయం కావచ్చు. పరిమాణ సందేశాన్ని నిరోధించడం అజ్ఞానం మాత్రమే. ఐపీ ఆరవ సంచికలో ఏ ఐసీఎంపీ సందేశాలను అడ్డగించరాదో ఆర్‌ఎఫ్‌సీ 4890 2007లోనే స్పష్టం చేసింది.

మార్గంలో ఇరుకు ఎక్కడ పుడుతుంది అన్నది తరువాతి ప్రశ్న. భౌతిక తీగలో కాదు, తీగపై చుట్టిన పొరలలో. ఇంటి బ్రాడ్‌బ్యాండులో విరివిగా వాడే పీపీపీఓఈ పద్ధతి ప్రతి ప్యాకెట్‌కు 8 బైట్లు చేరుస్తుంది. అందువలన 1500లో 1492 మిగులుతుంది. జీఆర్‌ఈ టన్నెల్ 24 బైట్లు తీసుకుంటుంది. వీఎక్స్‌లాన్ 50 తీసుకుంటుంది. ఐపీసెక్‌లో అది ఎంచుకున్న గూఢలేఖన విధానాన్ని బట్టి మారుతుంది. వైర్‌గార్డు ఐపీ నాల్గవ సంచికపై 60, ఆరవ సంచికపై 80 బైట్లు తీసుకుంటుంది. అందుకే దాని అలవాటు ఎంటీయూ 1420.

ఈ చివరి సంఖ్యలో ఒక చిక్కు దాగి ఉంది. 1420కి 80 కలిపితే సరిగ్గా 1500. వీపీఎన్ సర్వరును నాల్గవ సంచిక చిరునామాతో చేరితే వెలుపలి ప్యాకెట్ 1480 బైట్లు. పీపీపీఓఈ ద్వారం 1492 గనుక దాటిపోతుంది. అదే సర్వరును ఆరవ సంచిక చిరునామాతో చేరితే వెలుపలి ప్యాకెట్ 1500 బైట్లు, ద్వారం దాటదు. అప్పుడు పంపే యంత్రమే దానిని ముక్కలు చేయవలసి వస్తుంది. ఆ ముక్కలను మార్గంలో ఏదైనా ఫైర్‌వాల్ తిరస్కరిస్తే, లేదా పరిమాణ సందేశం తిరిగి రాకపోతే, ప్రవాహం ఆగిపోతుంది. ఇల్లు అదే, కంప్యూటరు అదే, వీపీఎన్ అదే. నిన్న పనిచేసినది ఈరోజు పనిచేయదు. సేవాదారు రాత్రికి రాత్రి ఆరవ సంచిక చిరునామాలు ప్రవేశపెట్టినాడన్న సంగతి వాడుకరికి తెలియదు.

3. తెలుగు లిపి, ప్యాకెట్ పరిమాణం:

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన సంకేతాలన్నీ యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. రోమన్ అక్షరానికి ఒక బైటు చాలు. పైగా తెలుగులో కంటికి ఒకటిగా కనిపించే అక్షరం అనేక సంకేతాల కూర్పు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈత్వం అని ఆరు సంకేతాలున్నాయి. అంటే 18 బైట్లు. ‘వరంగల్’ అన్న పదానికీ 18 బైట్లే. 1500 బైట్ల ప్యాకెట్‌లో ఐపీ, టీసీపీ హెడర్లు 40 పోగా 1460 బైట్లు మిగులుతాయి. అందులో రోమన్ అక్షరాలు 1460 పడితే తెలుగు సంకేతాలు 486 పడతాయి.

వెబ్ చిరునామాలో ఈ భారం ఇంకా పెరుగుతుంది. అక్కడ తెలుగు సంకేతంలోని ప్రతి బైటునూ శాతం గుర్తు, రెండు షోడశాంశ అంకెలుగా రాయాలి. అంటే మూడు బైట్లు తొమ్మిది అవుతాయి. ‘కాకతీయుల కాలంనాటి శాసనాలు’ అన్న అన్వేషణ పదబంధంలో 23 తెలుగు సంకేతాలు, రెండు ఖాళీలు ఉన్నాయి. ఖాళీని కూడిక గుర్తుగా రాస్తే చిరునామాలో ఇది 209 బైట్లు. ‘కాకతీయ పీరియడ్ ఇన్‌స్క్రిప్షన్స్’ అన్న ఇంగ్లీషు పదబంధం రోమన్ లిపిలో 28 బైట్లు.

ఇప్పుడు పైన ఊహించిన పరిశోధకుని వద్దకు తిరిగి వెళ్లవచ్చు. ఆయన విన్నపంలో కుకీలు, బ్రౌజరు వివరాలు మొదలైన ఇతర భాగాలు 1250 బైట్లనుకుందాం. ఇంగ్లీషు అన్వేషణ మొత్తం 1278 బైట్లు. గూఢలేఖన పొర టీఎల్‌ఎస్ 1.3 అయితే 22 బైట్లు చేరి 1300 అవుతుంది. హెడర్లతో 1340 బైట్ల ప్యాకెట్. మార్గం 1420 మోస్తుందనుకుంటే ఇది సాగిపోతుంది. తెలుగు అన్వేషణ 1459 బైట్లు, గూఢలేఖనతో 1481. కంప్యూటరు మార్గాన్ని 1500గా భ్రమిస్తే దీనిని 1460, 21 బైట్ల రెండు భాగాలుగా పంపుతుంది. మొదటి భాగం 1500 బైట్ల ప్యాకెట్‌గా బయలుదేరి ఇరుకైన చోట మాయమవుతుంది. రెండవది చేరుతుంది, కాని మొదటిది లేక దానికి అర్థం లేదు.

కనుక ‘ఇంగ్లీషులో వస్తుంది, తెలుగులో రాదు’ అన్న ఫిర్యాదును సహాయకేంద్రం తేలికగా తీసుకోరాదు. అది పరిమాణ లోపానికి చక్కని ఆధారం. సర్వరు నుంచి వచ్చే పుటలలో పాఠ్యాన్ని సంపీడనం చేస్తారు గనుక అక్కడ ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. విన్నపపు చిరునామాను కొత్త వెబ్ నియమావళులు కొంత కుదించగలిగినా తేడా పూర్తిగా పోదు.

4. లక్షణాలను చదవడం:

పరిమాణ లోపానికి కొన్ని స్పష్టమైన గుర్తులున్నాయి. టీసీపీ సంబంధం ఏర్పడుతుంది, ఎందుకంటే ఆ తొలి మూడు ప్యాకెట్లూ చిన్నవి. ఆపై సర్వరు తన ధ్రువపత్రాల గొలుసును పంపవలసిన చోట సంభాషణ నిలిచిపోతుంది. ఆ గొలుసు సాధారణంగా ఒక ప్యాకెట్‌లో పట్టదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో తాళపుచెవుల మార్పిడి దగ్గర ఆగుతుంది, లేదా ప్రవేశం దొరికి, పొడవైన జాబితా అడిగిన క్షణంలో తెర బిగుసుకుంటుంది. ఈమెయిలు వెళ్తుంది, జోడింపు వెళ్లదు. దిగుమతి బాగుండి ఎగుమతి ఆగవచ్చు, లేదా అందుకు విరుద్ధంగా జరగవచ్చు. రెండు దిశల మార్గాలు ఒకటే కానవసరం లేదు.

దీనిని మామూలు లైను లోపం నుంచి వేరుచేయడం ముఖ్యం. గందరగోళంగా ఉన్న తీగలోనూ పెద్ద ప్యాకెట్లే ఎక్కువగా పోతాయి. కాని ఆ పోక క్రమంగా పెరుగుతుంది. లక్ష బిట్లకు ఒక బిట్ చెడే తీగపై 100 బైట్ల ప్యాకెట్లలో సుమారు 0.8 శాతం, 1500 బైట్ల ప్యాకెట్లలో సుమారు 11 శాతం నష్టమవుతాయి. మధ్య పరిమాణాలకు మధ్య నష్టం. పరిమాణ లోపంలో అటువంటి వాలు ఉండదు. ఒక హద్దు వరకు నూటికి నూరు చేరుతాయి. ఆ హద్దుకు ఒక్క బైటు పైన ఒక్కటీ చేరదు. నిర్ధారణ అంతా ఈ మెట్టును కనుగొనడమే.

5. మెట్టును కనుగొనే పద్ధతి:

అందరికీ అందుబాటులో ఉన్న సాధనం పింగ్. అయితే అలవాటుగా చేసే పింగ్ ఇక్కడ పనికిరాదు. అది కొద్ది బైట్ల ప్యాకెట్‌ను మాత్రమే పంపుతుంది. లినక్స్‌లో ‘ఎం’ ఎంపికకు ‘డు’ అన్న విలువనిచ్చి విభజనను నిషేధించాలి. ‘ఎస్’ ఎంపికతో పరిమాణం చెప్పాలి. విండోస్‌లో నిషేధానికి ‘ఎఫ్’, పరిమాణానికి ‘ఎల్’ అన్న ఎంపికలున్నాయి. ఇక్కడ చెప్పే పరిమాణం లోపలి సమాచారానిది మాత్రమే. దానికి ఐసీఎంపీ హెడరు 8, ఐపీ హెడరు 20 బైట్లు కలపాలి. కనుక 1500 బైట్ల మార్గాన్ని పరీక్షించడానికి 1472 అని ఇవ్వాలి. ఈ 28 బైట్లను మరచి 1500 అని ఇచ్చి, “మార్గం చెడింది” అని తీర్మానించడం తరచుగా జరిగే పొరపాటు.

1472 విఫలమై, 1200 సఫలమైతే మధ్యసంఖ్యలతో సగం సగం తగ్గిస్తూ వెళ్లాలి. 272 తేడాను తొమ్మిది ప్రయత్నాలలో ఒక్క బైటు వరకు కుదించవచ్చు. 1464 చేరి 1465 చేరకపోతే మార్గం 1492; పీపీపీఓఈ అని వెంటనే ఊహించవచ్చు. 1392 దగ్గర మెట్టు ఉంటే మార్గం 1420. ఇలా దొరికిన సంఖ్యను 1500 నుంచి తీసివేసి, శేషం ఏ పొరకు సరిపోతుందో చూడడం అనుభవజ్ఞులైన నిర్వాహకుల పద్ధతి. శేషం 8, 24, 50, 80 వంటి పరిచిత సంఖ్య అయితే దోషి సగం పట్టుబడినట్టే. పొరలు ఒకదానిపై ఒకటి చేరి ఉంటే శేషాలు కూడా కూడుకుంటాయి. పీపీపీఓఈ మీద జీఆర్‌ఈ ఉంటే శేషం 32, మార్గం 1468.

విఫలమైనప్పుడు వచ్చే జవాబును శ్రద్ధగా చదవాలి. ‘సందేశం చాలా పెద్దది’ అని సొంత యంత్రమే చెబితే హద్దు సొంత ఇంటర్‌ఫేసుదే. ఏదో రూటరు చిరునామాతో ‘విభజన అవసరం’ అన్న జవాబు వస్తే కాపలాదారు పనిచేస్తున్నాడు. మార్గం ఇరుకైనా ఆరోగ్యంగానే ఉంది. ఏ జవాబూ రాకుండా గడువు తీరిపోతేనే కృష్ణబిలం అని అనుమానించాలి. అదే పరిమాణాన్ని విభజన నిషేధం లేకుండా మరొకసారి పంపి చూస్తే అనుమానం బలపడుతుంది లేదా వీగిపోతుంది.

ఇరుకు ఎక్కడుందో తెలుసుకోవడానికి లినక్స్‌లోని ట్రేస్‌పాత్ సాధనం ఉపకరిస్తుంది. అది మెట్టుమెట్టుగా సాగుతూ పరిమాణం తగ్గిన చోటును చూపుతుంది. కాని అది ఐసీఎంపీ సందేశాలపైనే ఆధారపడుతుంది గనుక కృష్ణబిలం దగ్గర అదీ మౌనం వహిస్తుంది. ఆ మౌనం మొదలైన చోటును గుర్తించడమే అప్పుడు దాని ప్రయోజనం.

పింగ్ సాక్ష్యం ఒక్కటే చాలదు. పింగ్‌లో వెళ్లిన ప్యాకెట్ ఎంతో, తిరిగి వచ్చేదీ అంతే. కనుక వైఫల్యం వెళ్లే దిశలో జరిగిందో తిరిగివచ్చే దిశలో జరిగిందో అది చెప్పదు. పింగ్‌ను నిరోధించిన సర్వరుపై అది అసలు పనిచేయదు. అందువలన తుది సాక్ష్యం ప్యాకెట్ల పట్టివేత నుంచి రావాలి. టీసీపీడంప్ లేదా వైర్‌షార్క్‌తో నిలిచిపోయిన సంభాషణను పట్టి చూస్తే పరిమాణ లోపానికి ప్రత్యేకమైన ఒక చిత్రం కనిపిస్తుంది. నిండు పరిమాణపు భాగం ఒకటి పదేపదే పునఃప్రసారమవుతుంది. పునఃప్రసారాల మధ్య విరామం రెట్టింపవుతూ పోతుంది. అదే సమయంలో దాని వెనుక వెళ్లిన చిన్న భాగం తనకు చేరిందని అవతలి యంత్రం ఎంపిక స్వీకృతి ద్వారా చెబుతూ ఉంటుంది. పైన చెప్పిన ఉదాహరణలో 21 బైట్లు చేరాయి, 1460 చేరలేదు అన్న వార్త ప్యాకెట్ల జాబితాలో అక్షరాలా కనిపిస్తుంది. రద్దీ వలన జరిగే నష్టంలో పెద్దచిన్నల భేదం ఇంత నిక్కచ్చిగా ఉండదు.

సాధ్యమైతే పట్టివేత రెండు చివరలా జరగాలి. పంపినది ఒక చివర కనిపించి, రెండవ చివర కనిపించకపోతే వివాదానికి తావుండదు. సేవాదారుకూ ప్రాంగణానికీ మధ్య జరిగే “మీ తప్పు, కాదు మీ తప్పు” అన్న సంవాదాన్ని ముగించగలిగేది ఈ జంట సాక్ష్యమే.

6. నిర్ధారణ దారి తప్పే చోట్లు:

పట్టివేతలో అప్పుడప్పుడు పదివేల బైట్లకు మించిన ప్యాకెట్లు కనిపిస్తాయి. వాటిని చూసి కంప్యూటరే హద్దు మీరి పంపుతున్నదని భ్రమపడే అవకాశం ఉంది. నిజానికి ఆధునిక నెట్‌వర్కు కార్డులు విభజన పనిని తమపై వేసుకుంటాయి. పట్టివేత జరిగేది కార్డుకు పైపొరలో గనుక ముక్కలు కాకముందరి రూపమే అక్కడ కనిపిస్తుంది. పక్కనున్న స్విచ్చు దగ్గర పట్టిచూస్తే అవి 1500 బైట్లలోపే ఉంటాయి. ఒకే స్థానిక నెట్‌వర్కులో ఒక యంత్రానికి 9000, మరొకదానికి 1500 అని అమర్చినప్పుడు కలిగే ఇబ్బంది వేరు. అక్కడ మధ్యలో రూటరు లేదు, స్విచ్చు ఐసీఎంపీ పంపదు. పెద్ద ఫ్రేము నిశ్శబ్దంగా రాలిపోతుంది. ప్రయోగశాలలో కొత్త నిల్వ సర్వరును తెచ్చినప్పుడు దీనిని ముందుగా చూడాలి.

కాలం మరొక మాయ చేస్తుంది. పరిమాణ సందేశం అందుకున్న యంత్రం ఆ సంఖ్యను గుర్తుంచుకుంటుంది, కాని శాశ్వతంగా కాదు. లినక్స్‌లో ఈ జ్ఞాపకం సాధారణంగా పది నిమిషాలు. ఆ తరువాత మళ్లీ పెద్ద ప్యాకెట్‌ను ప్రయత్నిస్తుంది. సందేశాలు కొన్నిసార్లు వచ్చి, కొన్నిసార్లు రాని మార్గంలో లోపం కూడా వస్తూ పోతూ ఉంటుంది. సాయంత్రం పరీక్షించి “సరిపోయింది” అని రాసుకున్న నిర్వాహకుడు మరునాడు అదే ఫిర్యాదు వింటాడు.

ప్రాంగణాల మధ్య వైఫై ప్రవేశాన్ని కల్పించే ఎడ్యురోమ్‌లోనూ ఈ సమస్య వేరొక వేషంలో ఎదురవుతుంది. భారతదేశంలో ఆ సేవను ఎర్‌నెట్ ఇండియా నిర్వహిస్తున్నది. అతిథి అధ్యాపకుని గుర్తింపు అడుగుతూ వెళ్లే రేడియస్ సందేశాలు యూడీపీపై ప్రయాణిస్తాయి. ధ్రువపత్రాలతో గుర్తింపు జరిగే పద్ధతిలో ఆ సందేశాలు 1500 బైట్లు దాటి ముక్కలు కావచ్చు. ముక్కలను తిరస్కరించే ఫైర్‌వాల్ మధ్యలో ఉంటే గుర్తింపు పూర్తికాదు. అతిథికి కనిపించేది “సంకేతపదం తప్పు” వంటి అపార్థం కలిగించే సందేశం. సంకేతపదాన్ని ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. రేడియస్‌లో ఫ్రేమ్డ్ ఎంటీయూ అన్న లక్షణాన్ని తగ్గిస్తే ధ్రువపత్రం ముందే చిన్న ముక్కలుగా సాగుతుంది.

7. సవరణ:

సరైన సవరణ ఒకటే: పరిమాణ సందేశాలను దారివ్వడం. ఫైర్‌వాల్‌లో ఐపీ నాల్గవ సంచికకు మూడవ రకం నాల్గవ సంకేతాన్ని, ఆరవ సంచికకు ‘ప్యాకెట్ చాలా పెద్దది’ అన్న రెండవ రకం సందేశాన్ని అనుమతించాలి. కాని కృష్ణబిలం ఇతరుల ఫైర్‌వాల్‌లో ఉన్నప్పుడు ఈ సవరణ చేతిలో ఉండదు.

అప్పుడు ఎంఎస్ఎస్ కుదింపు ఉపయోగపడుతుంది. టీసీపీ సంబంధం ఏర్పడే సమయంలోనే రెండు చివరలూ తాము తీసుకోగల గరిష్ఠ భాగం ఎంతో చెప్పుకుంటాయి. మధ్యనున్న రూటరు ఆ సంఖ్యను తన మార్గానికి తగినట్లు తగ్గించి రాస్తే, పెద్ద ప్యాకెట్ అసలు పుట్టదు. 1492 మార్గానికి ఇది 1452, 1420 మార్గానికి 1380. లినక్స్‌లో ఐపీటేబుల్స్ ద్వారా, సిస్కో రూటర్లలో ఒక ఆదేశం ద్వారా దీనిని అమర్చవచ్చు. శుద్ధవాదులకు ఇది నచ్చదు. ఇతరుల సంభాషణలో రూటరు చేయిపెట్టడం నియమవిరుద్ధమని వారి అభ్యంతరం. అభ్యంతరం న్యాయమే. అయినా సమర్పణ గడువు ముందున్న పరిశోధకునికి ఆ రాత్రి పనిచేసేది ఇదే. ఆయనకు రూటరుపై అధికారం లేకపోతే సొంత కంప్యూటరులో వీపీఎన్ ఇంటర్‌ఫేసు ఎంటీయూను 1400కో, తప్పనిసరైతే 1280కో తగ్గించుకోవచ్చు. అలా తగ్గించగానే నిలిచిన దస్త్రం కదిలితే నిర్ధారణ కూడా పూర్తయినట్టే. కాని ప్రాంగణం మొత్తానికీ 1280 అమర్చి చేతులు దులుపుకోవడం సరికాదు. అది మూలాన్ని వెతకకుండా రోగలక్షణాన్ని అణచడం.

ఎంఎస్ఎస్ కుదింపుకు ఒక పరిమితి ఉంది. అది టీసీపీకి మాత్రమే వర్తిస్తుంది. యూడీపీపై నడిచే డీఎన్ఎస్, రేడియస్, క్విక్ వంటి వాటికి దాని నీడ లేదు. డీఎన్ఎస్ రంగంలో 2020 అక్టోబరు నుంచి 1232 బైట్ల హద్దును అలవాటు విలువగా ప్రచారం చేశారు. ఆరవ సంచికలోని 1280 నుంచి 48 బైట్ల హెడర్లు తీసివేయగా వచ్చిన సంఖ్య అది. 2021లో వెలువడిన క్విక్ ప్రమాణం తొలి ప్యాకెట్‌లో కనీసం 1200 బైట్లు ఉండాలని నియమించింది. అంత మోయలేని మార్గంలో సంబంధం మొదలే కాదు. సగంలో ఆగిపోవడం కంటే మొదట్లోనే తేలిపోవడం నయమన్న తర్కం అందులో ఉంది. ఐసీఎంపీపై ఆధారపడకుండా, ప్రవాహం తానే చిన్నపెద్ద ప్యాకెట్లు పంపి హద్దును కనుగొనే పద్ధతిని 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4821 టీసీపీ వంటి వాటికి, 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8899 యూడీపీ ఆధారిత వ్యవస్థలకు వివరించాయి. లినక్స్‌లో టీసీపీకి ఈ సౌకర్యం ఉన్నా చాలాచోట్ల అలవాటుగా ఆపివేసి ఉంటుంది. సర్వరు నిర్వాహకుడు ఒక్క అమరికతో తెరవవచ్చు.

ఈ లోపం కనిపించే చోటు కూడా మారుతున్నది. ఇంతవరకు బ్రౌజరు పంపే తొలి టీఎల్‌ఎస్ పలకరింపు చిన్నదిగా ఉండి ఒక్క ప్యాకెట్‌లో ఇమిడేది. క్వాంటం కంప్యూటర్లను తట్టుకునేందుకు 2024 నుంచి బ్రౌజర్లలో ప్రవేశిస్తున్న కొత్త తాళపుచెవి విధానంలో ఒక్క చెవి భాగమే 1184 బైట్లు. పాత పద్ధతిలోని 32 బైట్లు దానికి అదనం. దీనితో తొలి పలకరింపే ఒక ప్యాకెట్‌ను దాటి రెండవదానిలోకి పొర్లుతున్నది. పలకరింపు ఎప్పుడూ ఒక్క ప్యాకెట్‌లోనే వస్తుందని భావించి తయారుచేసిన పాత ఫైర్‌వాల్‌లు దీనిని అర్థం చేసుకోలేవు. ఇరుకైన మార్గంలో కృష్ణబిలం ఉంటే ఇకపై పరిశోధకునికి ప్రవేశపుట కూడా తెరుచుకోదు. ప్రాంగణపు ఫైర్‌వాల్ వయసెంతో, దానిలో ఐసీఎంపీ నియమం ఏమని రాసి ఉందో నిర్వాహకులు పరిశీలించవలసిన సమయం ఇదే.